పనికిరాని పువ్వు ఎవరిది?

ధ్యానభాగములు: యోబు 38:25-27, లూకా 12:6-7



యోబు గ్రంథము 38వ అధ్యాయములో దేవుడు యోబును ప్రశ్న వెంబడి ప్రశ్న అడుగుచున్నాడు. వాటిలో ఒక ప్రశ్న రైతును నిలువున ఆపునట్టిది. మనుష్యుల కాపురము లేనిచోట, దున్నువాడును కోయువాడును లేని బీడుమీద వాన కురిపించి పచ్చిక మొలిపించుచున్నది ఎవరని ఆయన అడుగుచున్నాడు. వానకొరకు మబ్బువైపు చూచుచు కూర్చుండు మనకు ఈ మాట కొంచెము కష్టముగానే తోచును. మన చెరకు ఎండుచుండగా, మన నారుమడి నెర్రెలు విచ్చుచుండగా, ఎవరికిని అక్కరలేని కొండమీద వాన ఎందుకు? అక్కడ మొలచిన గడ్డి ఎవరికొరకు? దేవుడు దుబారా చేయువాడా?

దీనిలో ఇంకొక ప్రశ్న దాగియున్నది. మనకు పనికిరానిదానికి ఈ లోకములో ఉండుటకు హక్కు కలదా? అది పోయినయెడల నష్టపోవువారెవరు? ఈ నెల ఒక చిన్న పసుపుపచ్చని పువ్వును ఎదుట పెట్టుకొని ఈ ప్రశ్నను ఆలోచింతము. అది మన దేశపు పువ్వు కాదు. అయినను అది చామంతి కుటుంబములోనిది గనుక దాని చుట్టములు మన చోడవరములో ప్రతి గట్టుమీదను ఉన్నవి. ముందు వాటిని చూచి, తరువాత దానియొద్దకు పోవుదము.

మన గట్లమీది కుటుంబము

బంతి, చామంతి మన పెరటివే. పొద్దుతిరుగుడు మన చేలలోనిది. మాడుగుల దాటి ఘాటు రోడ్డెక్కి పాడేరు, అరకు వైపు పోయినయెడల నవంబరు, డిసెంబరు నెలలలో కొండవాలుమీద పసుపు దుప్పటి పరచినట్లు పూయు వలిసెలు ఈ కుటుంబమువే. వరిగట్టుమీద తెల్లని చిన్నపువ్వు పూయు గుంటగలగర, కోత అయిన మడిలో ఊదారంగు గుండ్లవలె పూయు బోడసరము, బాట ప్రక్కన ఒంటికాడమీద నిలుచు గడ్డిచామంతి, తాకినవారికి దురద పుట్టించు వయ్యారిభామ, ఇవన్నియు ఒక్క కుటుంబమే. లోకమంతటిలో ఈ కుటుంబమునకు చెందిన జాతులు 20,000 కు పైగా ఉన్నవి.

ఒక పొద్దుతిరుగుడు పువ్వును చేతబట్టుకొని విప్పి చూడుడి. మనము ఒక్క పువ్వు అనుకొనునది ఒక్క పువ్వు కాదు. ఒకే పీఠముమీద వందలకొలది చిన్నపువ్వులు సంఘముగా కూర్చున్నవి. చుట్టునున్న పెద్ద రేకులలో ప్రతిదియు ఒక పువ్వే. అవి తేనెటీగలను పిలుచును గాని వాటిలో గింజ కట్టదు. నడుమ ఎవరును కన్నెత్తి చూడని సన్నని పువ్వులే గింజ కట్టి మనకు నూనె ఇచ్చును. శరీరములో బలహీనములుగా కనబడు అవయవములే మరి అవసరమైనవని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను (1 కొరింథీయులకు 12:22). మన చేనిలోని పువ్వు ఆ మాటనే చెప్పుచున్నది.

ఈ కుటుంబములో ఒకటి లోకమంతయు ఆక్రమించుకొన్నది. అది వయ్యారిభామ. అమెరికా ఖండములనుండి వచ్చి, 1955 ప్రాంతమున పూనా పట్టణములో కంటబడి, ఇప్పుడు దేశములో అది లేని బాట లేదు. అదే కుటుంబములో ఇంకొకదానికి లోకమంతటిలో ఒక్క పట్టణము తప్ప వేరొక చోటు దొరకలేదు. మనము చెప్పబోవు కథ ఈ రెండవదానిది.

యార్కు పట్టణపు పువ్వు

ఇంగ్లాండు దేశపు ఉత్తరభాగమున యార్కు అను ప్రాచీన పట్టణమున్నది. రోమీయులు దానిని ఎబొరాకుమ్ అని పిలిచిరి. 1979 లో ఆ పట్టణపు రైలుస్టేషనునొద్ద, కార్లు నిలుపు స్థలములో, శాస్త్రజ్ఞులు ఒక కలుపుమొక్కను చూచిరి. జానెడు మూరెడు ఎత్తు, చీలికలు చీలికలుగా ఆకులు, చిన్న పసుపుపువ్వులు. చూచువారికి అందులో విశేషమేమియు లేదు. అయినను అది అంతకుముందు ఎవరును ఎరుగని మొక్క.

దాని పుట్టుక చిత్రమైనది. సిసిలీ ద్వీపములో ఎట్నా అను అగ్నిపర్వతమున్నది. దాని బూడిదనేలమీద పెరుగు ఒక పసుపుపువ్వును సుమారు 300 ఏండ్ల క్రిందట ఆక్స్‌ఫర్డు పట్టణములోని తోటకు తెచ్చి పెంచిరి. అది తోటగోడ దాటి పోయెను. రైలుమార్గములు వేసినప్పుడు పట్టాల క్రింద పరచిన కంకరయు బొగ్గుచిట్టెమును దానికి తన పుట్టిన కొండవలెనే తోచెను. రైళ్లు లేపు గాలితో గింజలు ఎగురుచు, అది ఊరూరికి సాగి యార్కు చేరెను. అక్కడ ఆ దేశపు సాధారణమైన కలుపుమొక్క ఒకదానితో దాని పుప్పొడి కలిసెను. ఆ కలయికనుండి మూడవదొకటి పుట్టి, గాడిదకు గుఱ్ఱమునకు పుట్టిన కంచరగాడిదవలె గొడ్డుగా పోక, తన గింజ తానే కట్టుకొని, తన వంటి మొక్కలనే కనుచు ఒక జాతియై నిలిచెను. 2003 లో శాస్త్రజ్ఞులు దానికి యార్కు పట్టణపు రోమీయ నామమునే తగిలించి సెనేషియో ఎబొరాసెన్సిస్ అని పేరు పెట్టిరి. సెనేషియో అను మాట లాటిను భాషలో ముసలివాడు అను మాటనుండి వచ్చినది. పూత అయిన తరువాత గింజల తలమీద తెల్లని నూగు నెరసిన వెండ్రుకలవలె నిలుచును గనుక ఆ పేరు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడి. తిరిగి దీనియొద్దకు వచ్చెదము.

అయితే పేరు పెట్టునాటికి అది నేలమీద లేదు. ఆ పట్టణమువారు ఖాళీస్థలములను, రైలు పట్టాల ప్రక్కలను శుభ్రముగా ఉంచవలెనని గడ్డిమందు కొట్టిరి. 1991 తరువాత అది బయట ఎక్కడను కనబడలేదు. దానిని ద్వేషించి చంపినవారెవరును లేరు. శుభ్రము చేయుచున్నామనియే అనుకొనిరి. లోకములో వేరొకచోట లేని మొక్క తమ కాళ్లక్రింద ఉన్నదని మందు కొట్టిన కూలివానికి ఎవరును చెప్పియుండరు.

అంతటితో కథ ముగియవలసినది. కాని యార్కు విశ్వవిద్యాలయములో పరిశోధకులు మూడు మొక్కలను చిన్న కుండీలలో పెట్టి కిటికీలో ఉంచుకొనిరి. అవి ఏడాది మొక్కలు గనుక త్వరలోనే చచ్చెను. చచ్చుటకు ముందు చిటికెడు గింజలు ఇచ్చెను. ఆ గింజలను ఇంగ్లాండు దక్షిణభాగమున 2000 లో తెరచిన మిలీనియం విత్తనభాండాగారములో చలిగదిలో భద్రపరచిరి. ఏండ్లు గడిచిన తరువాత, ఇక ఆలస్యము చేసినయెడల గింజల జీవము పోవునేమోయని, అరుదైన మొక్కలను పెంచు ఒక తోటవాని చేతికి 100 గింజలు ఇచ్చిరి. 98 మొలచెను. వాటినుండి వేలకొలది గింజలు కట్టెను. 2023 ఫిబ్రవరిలో ఆ గింజలను తిరిగి యార్కు నేలమీద చల్లిరి. ఆ వేసవికి ముందే అవి పూచెను. ఆ దేశములో బొత్తిగా అంతరించిన ఒక జాతిని తిరిగి నేలమీదికి తెచ్చుట అదియే మొదటిసారి అని చెప్పిరి.

ఉపయోగమను తూకపురాయి

ఈ కథ విన్నవారు మొదట అడుగు ప్రశ్న మాకు తెలియును. "అయ్యగారూ, దానివలన ఉపయోగమేమి?" ప్రశ్న న్యాయమైనదే. నాగలి పట్టువాడు ప్రతి మొక్కను ఈ ప్రశ్నయే అడుగును. ఉన్నమాట చెప్పుదము. ఆ పువ్వువలన మనకు తెలిసిన ఉపయోగమేమియు లేదు. అది కూరకు రాదు, నూనెకు రాదు. ఈ జాతి మొక్కలలో విషగుణముండుటవలన పశువుకు మేత కాదు. అందమా అనగా బంతిపువ్వు ప్రక్కన పెట్టినయెడల దానివైపు ఎవరును చూడరు. ఉపయోగమను తూకపురాయి వేసి తూచినయెడల ఈ పువ్వు తేలిపోవును.

అయితే ఆ తూకపురాయి సరియైనదేనా అని మనము అడుగవలెను. మన రాష్ట్రములోనే చూడుడి. ఎఱ్ఱచందనపు చెట్టు సహజముగా పెరుగు చోటు లోకమంతటిలో మన తూర్పుకనుమల దక్షిణపు కొండలే, ముఖ్యముగా కడప, చిత్తూరు, నెల్లూరు సీమలలోని కొండలు. అది పనికిరాని చెట్టా? దాని కలప విదేశములలో బంగారమువలె అమ్ముడగును. ఆ విలువయే దానికి గొడ్డలియైనది. రాత్రివేళ దొంగతనముగా నరికి తరలించుటచేత అది అపాయములో పడినది. ఆ శేషాచలపు కొండలలోనే ఈతచెట్టును పోలిన ఒక పొట్టిచెట్టు కలదు. మద్రాసు రాజధానిలో అటవీశాఖాధికారిగా నుండిన బెడ్డోము దొరగారి పేరు దానికి పెట్టిరి. తిరుపతి, కడప కొండలు తప్ప వేరొకచోట అది స్వతస్సిద్ధముగా మొలవదు. దానిలో మగచెట్టు తలమీద వచ్చు పెద్ద మొగ్గ బలమునకు మందని కోసికొని పోవుదురు. మొగ్గ పోయినచోట పుప్పొడి లేదు. పుప్పొడి లేనిచోట ఆడచెట్టుకు గింజ లేదు. దేశదేశముల ఒడంబడికచేత దాని వ్యాపారమును నిషేధించిరి.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. యార్కు పువ్వు ఉపయోగము లేదు గనుక పోయెను. చందనమును పొట్టిచెట్టును ఉపయోగమున్నది గనుకనే పోవుచున్నవి. ఉపయోగము లేనిదానిని కాలితో త్రొక్కుదుము. ఉపయోగమున్నదానిని చేతితో పెరుకుదుము. ఉపయోగమను రాయి ఏ ప్రాణిని కాపాడలేదు. అది ఎంతసేపును మన కడుపును, మన సంచిని మాత్రమే తూచును. ఎదుటి ప్రాణిని అది ఎన్నడును తూచలేదు. కనుక ఇదెందుకు పనికివచ్చును అను ప్రశ్నకు ముందు ఇంకొక ప్రశ్న ఉన్నది: ఇది ఎవరిది?

ఇది ఎవరిది?

భూమియు దాని నిండుదనమును యెహోవావని 24వ కీర్తన మొదలుపెట్టుచున్నది. మనము గృహనిర్వాహకులము, యజమానులము కాము. కామందు పొలమును కౌలుకు చేయువాడు గట్టుమీది చెట్టును అడుగక కొట్టడు. అది తనకు పనికిరాదని చెప్పినను కామందు ఒప్పుకొనడు. "నీకు పనికిరాకపోవచ్చును, చెట్టు నాది" అనును. మన యొప్పందము కూడ అటువంటిదే. ఆదికాండము 1వ అధ్యాయములో భూమిని ఏలుమని మనుష్యునికి సెలవైనది. 2వ అధ్యాయము 15వ వచనములో తోటను సేద్యపరచి కాపాడుమని పని అప్పగింపబడినది. మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను విడిచినవాడు ఏలువాడు కాడు, దోచువాడు.

నోవహు ఓడను తలంచుకొనుడి. పవిత్రమైన జంతువులతో కూడ అపవిత్రమైన జంతువులను కూడ జతలుగా లోపలికి చేర్చుమని దేవుడు సెలవిచ్చెను (ఆదికాండము 7:2). అపవిత్రమైనది బలికి పనికిరాదు. అయినను ఓడలో దానికి చోటు దొరికెను. నోవహు తన ఉపయోగమును చూచుకొని ఎక్కించుకొనియున్నయెడల సగము ఓడ ఖాళీగా పోయియుండును.

సొలొమోను జ్ఞానమును వర్ణించుచు 1 రాజులు 4:33 లో అతడు లెబానోను దేవదారునుండి గోడలో మొలచు హిస్సోపువరకు చెట్లనుగూర్చి మాటలాడెనని వ్రాయబడినది. దేవదారు సరే, దానితో మందిరము కట్టెను. గోడబీటలో మొలచిన పిచ్చిమొక్కతో రాజునకేమి పని? అయినను దానిని చూచుటయు, దాని పేరు తెలిసికొనుటయు జ్ఞానములో భాగమని లేఖనము లెక్కించుచున్నది. యార్కు పువ్వు కూడ రాళ్ల సందులలో మొలచినదే.

మీలో కొందరు, "అది మనుష్యుడు వేసిన రైలుమార్గమువలన పుట్టినదే, దేవుడు చేసినదని ఎట్లనవచ్చును?" అని అడుగవచ్చును. మనుష్యుడు ఒక మొక్కను సముద్రము దాటించెను, కంకర పరచెను. అంతవరకు అతని పని. పుప్పొడిని కలిపి, గొడ్డుపోవలసినదానికి గింజ దయచేసి, దానికొక క్రొత్త స్వరూపమునిచ్చినది అతని చేయి కాదు. దేవుడు తన ఊపిరిచేత భూమిని ఇప్పటికిని నూతనపరచుచున్నాడని 104వ కీర్తన చెప్పుచున్నది. ఆయన పని ఆరవ దినముతో ఆగిపోలేదు.

కలుపు తీయుట పాపమా?

ఇంతమట్టుకు చదివి ఒక రైతు సహోదరుడు నవ్వుచు అడుగును. "అయితే రేపటినుండి మడిలో కలుపు తీయవద్దందురా?" కాదు. కలుపు తీయుట పాపము కాదు. తీయనివాని పిల్లలు పస్తుండవలసివచ్చును. వయ్యారిభామను పూతకు రాకముందే పెరికి వేయుడని మేమే చెప్పుచున్నాము. అది మన బిడ్డలకు దురదయు ఆయాసమును తెచ్చుచున్నది, పచ్చికను మ్రింగివేయుచున్నది.

అయితే మడిలోనుండి తీయుట వేరు, లోకములోనుండి తీయుట వేరు. గుంటగలగర వరిమడిలో కలుపు. గట్టుమీద తలనూనెకు మందు. మడిలో దానిని పెరికిన కూలిగుంపులోని ఆడవారే సాయంకాలము గట్టుమీది ఆకును కొంగున కట్టుకొని ఇంటికి పోవుదురు. ఇది చోటునకు తగిన తీర్పు. ఒక మొక్క ఇచ్చట ఉండదగదని చెప్పు అధికారము రైతుకు ఉన్నది. ఎచ్చటను ఉండదగదని చెప్పు అధికారము అతనికి ఇయ్యబడలేదు. వయ్యారిభామ మన ఊరిలో పోయినను దాని పుట్టినచోట అది ఉండును. యార్కు పువ్వునకు పోవుటకు వేరొక ఊరు లేదు.

మోషే ధర్మశాస్త్రములో ఈ హద్దు కనబడుచున్నది. పొలపు అంచులను పూర్తిగా కోయక బీదలకును పరదేశులకును విడువవలెనని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఏడవ ఏట భూమిని బీడు విడిచి, బీదలు ఏరుకొనగా మిగిలినదానిని అడవిమృగములకు వదలవలెనని నిర్గమకాండము 23:11 చెప్పుచున్నది. నడుమ పొలము మనది. అంచు మనది కాదు. తల్లిపక్షి గూటిలో పిల్లలమీద నుండగా తల్లిని పిల్లలను కలిపి పట్టవద్దని ద్వితీయోపదేశకాండము 22:6-7 ఆజ్ఞాపించుచున్నది. తీసికొనుము, గాని మొదలంట తీసికొనవద్దు. ఇదియే ఆ ఆజ్ఞల సారము.

మనుష్యునికంటె పువ్వు ఎక్కువా?

ఇంకొక ఆక్షేపణ దీనికంటె బరువైనది. అన్నము లేనివారు లోకములో నుండగా కలుపుమొక్క గింజలను చలిగదిలో దాచుట న్యాయమా? మనుష్యుడు పిచ్చుకలకంటె శ్రేష్ఠుడని ప్రభువే చెప్పలేదా?

చెప్పెను. ఆ మాటను మేము తగ్గింపము. ఆకలిగొన్న బిడ్డకును ఒక మొక్కకును నడుమ ఎంచుకొనవలసివచ్చినయెడల బిడ్డనే ఎంచుకొనవలెను. కాని ప్రభువు ఆ మాటను ఏ మాటమీద నిలువబెట్టెనో చూడుడి. మత్తయి సువార్త 10:29 లో ఒక కాసునకు రెండు పిచ్చుకలని ధర చెప్పబడినది. లూకా సువార్త 12:6 లో రెండు కాసులకు అయిదు. లెక్క చూచిన రెండు కాసులకు నాలుగు రావలెను. అయిదవది ఎక్కడనుండి వచ్చినది? మన చోడవరము సంతలో కూరగాయలు కొనునప్పుడు అడిగినట్లు, కొసరు! అయిదవ పిచ్చుకకు ధర లేదు. అమ్మువాడు దానిని ఊరకనే వేసెను. ఆ కొసరు పిచ్చుకను కూడ దేవుడు మరువలేదని ప్రభువు చెప్పుచున్నాడు.

ఈ పునాదిమీదనే మీరు శ్రేష్ఠులు అను ఓదార్పు నిలిచియున్నది. కొసరు పిచ్చుక లెక్కలో నున్నది గనుక నీవు తప్పక లెక్కలో నున్నావు. పిచ్చుకను లెక్కలోనుండి తీసివేసినయెడల నీ ఓదార్పు గాలిలో నిలుచును. చిన్నదానిని మరచు దేవుడు, నిన్ను మరువడని నీకు ఎట్లు తెలియును? కనుక మనుష్యుని విలువయు పువ్వు విలువయు త్రాసులో ఎదురెదురు పళ్లెములు కావు. రెండును ఒకే తలంపులోనుండి వచ్చినవి. రేపు పొయ్యిలో పడబోవు గడ్డిని దేవుడు అలంకరించుచున్నాడనియు, మిమ్మును మరి నిశ్చయముగా కాపాడుననియు మత్తయి 6:30 లో ప్రభువు చూపినది ఈ వరుసయే.

యోనా కథ కూడ ఇక్కడ మనకు బుద్ధి చెప్పును. సొరచెట్టు ఎండినప్పుడు యోనా చచ్చునంతగా దుఃఖించెను. లక్షా ఇరువదివేలకు పైబడిన జనముగల నీనెవెనుగూర్చి మాత్రము దుఃఖింపలేదు. చెట్టును కనికరించుటయే అతని తప్పా? కాదు. అతడు నిజముగా చెట్టును కనికరింపలేదు. తన తలమీది నీడను కనికరించెను. ఎండ తగులకుండినయెడల అతడు ఆ చెట్టును తలంచియే యుండడు. దేవుడైతే నీనెవెను కనికరించెను. ఆ పట్టణములోని పశువులను కూడ లెక్కలో చేర్చెను. కనికరము పెద్దదైనప్పుడు అది మనుష్యులను విడిచి మొక్కలయొద్దకు పోదు. మనుష్యులతో మొదలుపెట్టి పశువులవరకు సాగును.

నెరసిన తల

ఇప్పుడు ఆ పువ్వు పేరునొద్దకు తిరిగి వత్తము. ముసలివాని పేరుగల పువ్వు. ఈ ధ్యానమంతయు దూరదేశపు పువ్వుకొరకే అనుకొనువారు ఇచ్చట కొంచెము ఆగవలెను.

పనికివచ్చునా అను తూకపురాయి గట్టుమీదనే ఆగదు. అది ఇంటిలోనికి వచ్చును. మన పల్లెలలో నాట్లకు, కోతలకు పోగలిగినంతకాలము మామ్మకు గిన్నెనిండ గంజి దొరకును. నడుము వంగి, చూపు తగ్గి, వసారాలో మూలకు చేరిన తరువాత ఆమె చెవిని పడు మాటలు మనకు తెలియనివి కావు. పింఛను వచ్చు దినమున ఆమెకు పిలుపు. మిగిలిన దినములలో ఆమె అడ్డు. పుట్టుకతోనే నడువలేని బిడ్డనుగూర్చి, "దీనివలన ఏమి ప్రయోజనము" అను మాట మన సంఘపు ఇండ్లలో వినబడుట లేదా? గడ్డిమందు కొట్టినవారివలెనే ఆ మాట అనువారు కూడ క్రూరులు కారు. ఇల్లు సర్దుకొనుచున్నామనియే అనుకొందురు.

పనికిరాని పువ్వును గౌరవించుట నేర్చుకొనినవాడు మామ్మను తప్పక గౌరవించునని మేము చెప్పలేము. కాని ఒకటి మాత్రము చెప్పగలము. ప్రతిదానిని ఉపయోగముచేతనే తూచుట అలవాటైన చేయి ఏదో ఒకనాడు మనుష్యునిని కూడ ఆ త్రాసులోనే పెట్టును. తుదకు మనము కూడ ఆ పళ్లెములో కూర్చుండవలసినవారమే. అప్పుడు మనకు కావలసినది, "వీడెందుకు పనికివచ్చును" అని అడుగువాడు కాదు. "వీడు నావాడు" అని చెప్పువాడు. సిలువమీద మనలను కొనినవాడు మన పనితనమును చూచి కొనలేదు.

మనము చేయదగినవి

పెద్ద పనులు మన చేతిలో లేవు. చిన్నవి ఉన్నవి. యార్కు పువ్వును నిలిపినవి మూడు కుండీలు, ఒక కిటికీ.

మొదటిది, మన దేవాలయపు ఆవరణములలోను సమాధుల దొడ్లలోను పండుగలకు ముందు మొత్తము గడ్డిమందు కొట్టు అలవాటు పెరిగినది. బాటలను కొడవలితో శుభ్రము చేసికొందము. ఒక మూలను మాత్రము మందు తగులనీయక విడిచిపెట్టుదము. ఇంగ్లాండు దేశములో అనేక అడవిపువ్వులకు పాత దేవాలయముల సమాధిదొడ్లే ఆశ్రయములుగా నిలిచియున్నవి. చనిపోయినవారు పునరుత్థానముకొరకు నిద్రించుచోట బ్రదికియున్న గింజకు కొంచెము చోటిచ్చుట తగినదే.

రెండవది, పొలపు గట్టును కోరును నున్నగా తగులబెట్టకుడి. అంచును కొంచెము విడువుడి. అక్కడ నున్నదేమో మనకు ఇంకను తెలియదు. కొండమీద మొలచినదంతయు లెక్క వ్రాసి ముగించితిమని ఏ శాస్త్రజ్ఞుడును చెప్పుట లేదు.

మూడవది, ఆదివారపు బడి పిల్లలను నెలకొకసారి గట్టువెంబడి తీసికొనిపోయి, పెద్దలచేత మొక్కల పేర్లు చెప్పించుడి. ఆదాము మొదటి పని జంతువులకు పేర్లు పెట్టుటయే. పేరు తెలియనిదానిని మందు కొట్టుట సులువు. ఆ పేర్లు తెలిసినవారు చాలమట్టుకు మన వసారాలలో మూల కూర్చున్న మామ్మలే, తాతలే. పిల్లలు వారియొద్ద కూర్చుండి నేర్చుకొనుట చూచినయెడల ఇంటివారికి కూడ వారి విలువ కొంత తెలియవచ్చును. మన అమ్మలు వేపాకును బూడిదయు కలిపి కుండలో విత్తనము దాచిన విధము కూడ వారినే అడుగుడి. ఆ చలిగదికి మన ఇండ్లలోని పాతకుండ పెద్దక్కయే.

పది కుటుంబముల చిన్న సంఘములు మనలో అనేకములున్నవి. మేమెవరము, మా ప్రార్థన ఎంత, పట్టణపు పెద్ద సంఘముల ఎదుట మేమేమి పనికివత్తుమని అవి కృంగుచుండుట కలదు. మనుష్యులెవరును లేని బీడుమీద వాన కురిపించువానికి మీ ఊరి పేరు తెలియును. ఒక్క ఊరిలోనే పూచు పువ్వు ఆ ఊరిలో పూయుటయే దాని పిలుపు.

ప్రార్థన: సమస్తమును సృజించిన తండ్రీ, మేము దున్నని నేలమీద కూడ నీవు వాన కురిపించుచున్నావు. నీది నీదని ఎరుగు మనస్సు మాకిమ్ము. ఏది తీయవలెనో ఏది విడువవలెనో మాకు నేర్పుము. మా ఇండ్లలోని నెరసిన తలలను, బలహీనులైన బిడ్డలను మా త్రాసునుండి దించి నీ చేతిలో చూడనిమ్ము. కొసరు పిచ్చుకను మరువని నీ కుమారుని నామమున అడుగుచున్నాము. ఆమేన్.